జనానికి నా వీపే తెలుసు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. తాపీ నది ఒడ్డున సూరత్‌లో, పాలిస్టర్ దారం తప్ప ఇంకేదీ మొలవని నేల మీద ఒక రాక్ బ్యాండు పుట్టి, నాలుగు భాషల్లో గర్జించి, చీలికలు చూసి, ద్రోహం చూసి, చరిత్రలో కలిసిపోయిన కథ. ఇందులో గాయకులు వస్తారు, గాయకులు పోతారు. ఒక పెద్ద రహస్యం నిండు సభలో బట్టబయలవుతుంది. ఒక మనిషి మూడేళ్లపాటు జనానికి ముఖం చూపించకుండా సాధన చేస్తాడు. చదివాక మీ రక్తం ఉడకాలి.

అంత లేదు. మేం చేసిందంతా కలిపి పందొమ్మిది ప్రోగ్రాములు. అందులో రెండు వానకు రద్దయ్యాయి, అయినా కలుపుకున్నాం. గర్జించిన భాషలు మూడే, నాలుగోది మైకు గరగర. నిండు సభ అన్నది ఉధ్నాలో ఒక మగ్గాల షెడ్డు. ముఖం చూపించకుండా ఉన్న మనిషిని నేనే, దానికి సాధన అనే మాట పెద్దది, ఇరుక్కుపోవడం అంటే సరిపోతుంది. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఆదివారం మా ఇంటికి మా బ్యాండు డ్రమ్మరు లింగన్న వచ్చాడు. గృహప్రవేశం కార్డు ఇచ్చి, కుర్చీలో కూర్చుని, చెవి మెషీన్ తీసి జేబులో వేసుకున్నాడు. అది పెట్టుకుంటే లోకమంతా రేకు డబ్బాలో మాట్లాడినట్టుందట. ఆ తర్వాత ఆయన ఎడమకాలి చెప్పు దానంతట అదే జారిపోయింది. ఆ కాలు ఏదో వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. మా అమ్మకు అర్థం కాలేదు, చాయ పెట్టడానికి పోయింది.

బ్యాండు గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు. సాయంత్రం ఏడు దాటాక నాయిన కార్ఖానా నుంచి వచ్చి అంగీ విప్పి కొక్కేనికి తగిలిస్తే, అందులోంచి మగ్గం నూనె వాసన, దారానికి పట్టించే గంజి వాసన గది మొత్తానికి హాజరు వేసేవి. అదే వేళకు పక్కింటి గుజరాతీ ఆంటీ పప్పులో ఇంగువ తాలింపు పెట్టేది, మా అమ్మ తపేలాకు సర్వపిండి అద్దేది. రెండు రాష్ట్రాలు ఒకే కిటికీలోంచి లోపలికి వచ్చి, కొట్లాడుకోకుండా కూర్చునేవి. నాయిన చాయ సాసర్లో పోసుకుని, ఒక్కో గుక్కకు ఒక్కోసారి కళ్లు మూసుకుని తాగేవాడు. ఆయన ఆ ఉధ్నా షెడ్డుకు మాస్టరు, అంటే నూట ఇరవై మగ్గాల్లో ఏది మొరాయించినా పానా పట్టుకుని దాని కింద దూరే మనిషి. ముప్పై ఏళ్లు అలా దూరి దూరి ఆయన చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చాడు.

మగ్గాల దగ్గర పనిచేసే వాళ్లెవరూ గొంతుతో మాట్లాడుకోరు. ఆ మోతలో మాట చెవి దాకా పోదు. పెదాలు కదిలిస్తారు, అవతలి వాడు చదువుకుంటాడు. ఇది బడిలో నేర్పే విద్య కాదు, షెడ్డులో ఏడాది ఉంటే దానికదే వచ్చేస్తుంది, మానదు. మా ఇంట్లో అందరికీ వచ్చు. చుట్టాలు ఎదురుగా కూర్చుని ఉండగానే అమ్మ నాయిన్ని శబ్దం లేకుండా పావుగంట తిట్టగలదు, చుట్టాలు మధ్యలో ‘వదిన ఎంత నెమ్మదస్తురాలో’ అని మెచ్చుకుని పోతారు. మా బాపమ్మ వయసులో ఉన్నప్పుడు అదే షెడ్డులో కండెలు చుట్టింది. ఆవిడ బొట్టు పెట్టుకుంటూ అద్దంలో చూసి వెనక గుమ్మంలో మాట్లాడుకునేవాళ్ల మాటలు పట్టేసేది. అందుకే మా ఇంట్లో రహస్యం చెప్పాలంటే ఎవరూ గొంతు తగ్గించరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. గట్టిగా అరిచినా పర్వాలేదు, చెయ్యి మాత్రం ఉండాలి. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

బీకాం చదివేటప్పుడు నా పక్క బెంచీలో జిగ్నేశ్ అని ఒకడుండేవాడు. వాడి దగ్గర గిటారుంది, ఆంప్లిఫయరుంది, చెప్పుకోవడానికి బాధ మాత్రం లేదు. రాక్ సంగీతానికి బాధ కావాలని వాడెక్కడో చదివాడు. వాళ్ల సొసైటీలో ఎనిమిదింటి తర్వాత ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినా చైర్మన్ నోటీసు అంటిస్తాడు కాబట్టి, ప్రాక్టీసుకు చోటు లేకపోవడమే బాధ అని సర్దుకున్నాడు. వాడి మామ కొడుకు ఉత్సాహంగా ఒక బాస్ గిటారు కొని, వేళ్లు నొప్పెడుతున్నాయని వారానికే మంచం కింద పడేశాడు. అది నా చేతికొచ్చింది. నేను బాస్ వాయించేవాణ్ణి అయిన విధానం ఇంతే, ఇందులో దైవప్రేరణ వెతక్కండి.

చోటు సంగతి నేను చూసుకుంటానన్నాను. నా జీవితంలో నాకు వచ్చిన ఒకే ఒక్క గొప్ప ఆలోచన అది. ప్రపంచంలో మనం ఎంత చప్పుడు చేసినా ఎవరూ విసుక్కోని చోటు ఏది? మగ్గాల షెడ్డు. నాయిన్ని అడిగితే ఒక్క షరతు పెట్టాడు. ‘ఏమన్న చేసుకోండ్రి, మషీన్ ఆగొద్దు.’ షెడ్డు వెనక మూలలో, పడుగు దారం చుట్టే బీములు ఖాళీ అయితే పడేసే చోటుంది. అక్కడ ప్లగ్గు ఉంది. అక్కడే మొదలుపెట్టాం. నూట ఇరవై మగ్గాల మధ్య నిలబడి నేను వాయించేది నాకు కొంచెం వినపడేది, జిగ్నేశ్ వాయించేది జిగ్నేశ్‌కు కొంచెం వినపడేది. కలిపి ఎలా ఉందో ఎవరికీ తెలీదు. కరెంటు పోతే మగ్గాలు ఆగి షెడ్డంతా నిశ్శబ్దం అయ్యేది, కానీ దాంతోపాటు మా ఆంప్లిఫయర్లూ ఆగేవి. మమ్మల్ని మేం వినకుండా దేవుడు అంత పకడ్బందీగా ఏర్పాటు చేశాడు.

లింగన్న అలా దొరికినవాడే. జగిత్యాల దిక్కు నుంచి పదహారేళ్లకు సూరత్ వచ్చి, పన్నెండు మగ్గాలు ఒక్కడే చూసుకునే మనిషి. మాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఒకరోజు కండెల బుట్ట పట్టుకుని మా పక్కనుంచి పోతూ, మా కాళ్లు చూసి ఆగాడు. మేం కాళ్లతో తాళం వేస్తున్నాం, ఇద్దరివీ వేరే వేరే తాళాలు. బుట్ట కింద పెట్టి, పక్కనున్న ఖాళీ నూనె డ్రమ్ము మీద అరచేతుల్తో కొట్టడం మొదలుపెట్టాడు. మా ఇద్దరి కాళ్లూ సిగ్గుపడి ఆయన దారిలోకి వచ్చాయి. ఊళ్లో భజనలో డోలక్ కొట్టేవాడట. వినపడదు కదన్నా అంటే, ‘జర తక్కువ ఇనవడుతది’ అన్నాడు. ఆ జర ఎంతో మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా ఆయన తాళం గడియారం కంటే సరిగ్గా ఉంటుందనే. పెళ్లి బ్యాండు వాళ్లు వదిలించుకున్న డ్రమ్ముల సెట్టు తెచ్చాం. పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను తన్నే కర్ర మగ్గంలో విరుగుతుంటుంది, ఆ విరిగిన కర్రల్ని చెక్కి ఆయనే పుల్లలు చేసుకున్నాడు. బ్యాండు పేరు కూడా ఆయన పని మీదే పెట్టాం, బారా మషీన్ అని. పన్నెండు మగ్గాలు. జిగ్నేశ్‌కు ఆ పేరులో బాధ కనపడింది, ఒప్పుకున్నాడు.

షెడ్డులో పదిహేను రోజులకోసారి పాలీ మారుతుంది. పగలు చేసినవాళ్లు రాత్రికి, రాత్రి చేసినవాళ్లు పగటికి. లింగన్నది రాత్రి పాలీ అయితే మధ్యాహ్నం నాలుగుకు నిద్రలేచి వచ్చేవాడు, పగటి పాలీ అయితే ఏడింటికి మగ్గాలు అప్పజెప్పి అరగంట ఉండేవాడు. లోకంలో మిగతా బ్యాండులు కళ కోసం, అహం కోసం, ఆడపిల్ల కోసం చీలిపోతాయని విన్నాను. మాది మాత్రం పాలీల వల్ల, బస్సుల వల్ల, రైళ్ల వల్ల చీలింది. మొదటి గాయకుడు ప్రకాశ్ మా వీధివాడే, మంచి గొంతు. ఆరు నెలలు పాడాక హజీరాలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు తెల్లారకముందే వచ్చేది. ఒక ప్రోగ్రాముకు సేఫ్టీ బూట్లతో వచ్చి, రెండో పాటకు నాకు నాలుగు వరుసల బాస్ ఉంటే ఆ నాలుగు వరుసల్లో నిలబడే నిద్రపోయాడు. రెండో గాయని హేతల్. వాళ్ల నాన్న కార్ఖానా కిమ్ అనే ఊరికి మారింది. ఆవిడ రైలుకు టైమయితే పాట ఎక్కడుంటే అక్కడ వదిలి పోయేది, జనం అదొక ముగింపు అనుకుని చప్పట్లు కొట్టేవారు. మూడో ఆయన భజన మండలి నుంచి వచ్చాడు, ప్రతి పాట చివరా చేతులెత్తి జై అనేవాడు, ఆపమంటే అలవాటైపోయిందని బాధపడేవాడు. ఆ గాయకులందరి తర్వాత జిగ్నేశ్ పోయాడు, బరోడాకు. వాడి తర్వాత ఇద్దరు గిటారు వాళ్లొచ్చారు. వాళ్ల పేర్లు నాకు గుర్తులేవు, వాళ్లకు నా ముఖం గుర్తుండదు, చెల్లుకు చెల్లు.

ముఖం ఎందుకు గుర్తుండదో చెప్తాను. మా మొదటి ప్రోగ్రాము ఒక కాలేజీ ఆడిటోరియంలో, పట్టపగలు. స్టేజీ ఎక్కాం. జిగ్నేశ్ మొదటి తీగ మీటాడు. ఐదు నెలల్లో మొదటిసారి మమ్మల్ని మేం విన్నాం. ప్రకాశ్ ఒక శ్రుతిలో పాడుతున్నాడు, జిగ్నేశ్ ఇంకో శ్రుతిలో ఉన్నాడు, పుట్టినప్పట్నుంచీ అలాగే ఉన్నారు, ఇద్దరూ ఒకరినొకరు దొంగను చూసినట్టు చూసుకున్నారు. అది పెద్ద విషయం కాదు, అసలు విషయం వెనక ఉంది. డ్రమ్ములు మోగడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే లింగన్న పుల్లలు పైకెత్తి అలాగే ఉన్నాడు. చూపు నేల మీదుంది. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడి ముఖం అది. షెడ్డులో నేల అదురుతుంది. ఆ అదురు పాదాల్లోంచి పైకొచ్చి ఆయనకు తాళం ఇచ్చేది. అదురు మా పాటది అనుకున్నాం, మగ్గాలది. ఇక్కడ చెక్క స్టేజీ, శవంలా పడుంది. చెవులతో ఆయనకు ఏమీ వినపడటం లేదు. జర కాదు, అసలు లేదు.

నేను ఆలోచించి చేసింది కాదు. ఆయన ఎదురుగా పోయి నిలబడి, పెదాలతో తాళం చెప్పాను. టక టక, టక టక. ఆయన కళ్లు నా నోటి మీదికొచ్చాయి, పుల్లలు కిందికి దిగాయి, అంతే, గడియారం నడిచింది. సరే, ఇక జనం వైపు తిరుగుదామని సగం తిరిగానో లేదో ఆ గడియారం తడబడింది. మళ్లీ ఆయన వైపు తిరిగాను. ఆ రోజు మొత్తం అలాగే. కిందికి దిగాక నేను తల దించుకుని పోతుంటే, కాలేజీ గోడపత్రిక నడిపే కుర్రాడొకడు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మర్నాడు గోడ మీద రాశాడు: జనం మెప్పును ధిక్కరించే ఆ వీపు ఈ నగరంలో కొత్త కళకు నాంది. శ్రుతి కలవకపోవడాన్ని కూడా నాంది ఖాతాలోనే వేశాడు. దాంతో ఇంకో కాలేజీ పిలిచింది, ఒక కెఫే పిలిచింది. అందరికీ కావలసింది ఆ వీపే.

అలా మొదలైంది నా మూడేళ్ల శిక్ష. మీరు రాక్ బ్యాండులో ఉన్న ఏ కుర్రాణ్ణయినా అడగండి, ఎందుకు చేరావని. నిజం చెప్పేవాడైతే జనం నా వైపు చూడాలని అంటాడు. జనం నా వైపు చూశారు. నేనే వాళ్లను చూడలేదు. చప్పట్లు వెనక నుంచి వచ్చేవి, ఎవరో నా చొక్కా దులుపుతున్నట్టు. ప్రేక్షకుల్లో ఎవరున్నారో మా అమ్మ అడిగితే, లింగన్న కళ్లద్దాల్లో కనపడినంత వరకు చెప్పేవాణ్ణి. పగలంతా షెడ్డు ఆఫీసులో లెక్కలు రాసే మెహతాజీ పక్కన గుమాస్తాగిరీ, నా కిటికీకి ఎదురుగా పక్క షెడ్డు గోడ. సాయంత్రం స్టేజీ, ఎదురుగా లింగన్న, ఆయన వెనక గోడ. రెండు గోడల మధ్య నడవడమే నా కళాజీవితం. గాయకులు మారారు, గిటార్లు మారాయి, అందరికీ పోవడానికి ఒక బస్సో రైలో దొరికింది. నాకు దొరకదు. నేను పక్కకు జరిగితే లింగన్న పుల్లలు ఆగిపోతాయి. డ్రమ్ముల ముందు కూర్చున్న ఆ గంటసేపు తప్ప వారం మొత్తంలో ఆయన నవ్వడం నేను చూడలేదు. నేను పోతే ఆయనకు అది పోతుంది. ఉంటే నేను పోతాను. ఈ రెండు ముక్కలూ నాకు తెలుసు, చాలాకాలం పెదాల దాకా రానివ్వలేదు.

ఇక ద్రోహం. మాటిచ్చాను కాబట్టి చెప్పాలి. బరోడా నుంచి జిగ్నేశ్ వచ్చాడు. అక్కడ వాడికి ఇంకో బ్యాండు కుదిరింది, స్టూడియో ఉంది, చెవులున్న డ్రమ్మరున్నాడు, బాస్ వాయించేవాడే లేడు. మధ్యాహ్నం నాలుగు గంటలు, షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతున్నాయి, నీళ్ల కుండ దగ్గర నిలబడి వాడు నా చెవిలో అరిచాడు. నేను వాడి చెవిలో అరవాలంటే పొట్టివాణ్ణి, అందలేదు. అందుకని తలెత్తి, షెడ్డు వైపు తిరిగి, నోరు పూర్తిగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా హిందీలో అరిచాను. వస్తానన్నాను. లింగన్నకు వినపడదని, మూడేళ్లుగా ఆయన ముఖం చూసి చూసి అలసిపోయానని, నాకూ ఒక్కసారి జనాన్ని చూడాలనుందని చెప్పాను. లింగన్నకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దు, నేనే నెమ్మదిగా చెప్తానన్నాను. అంత మోతలో చీమకు కూడా వినపడదన్న ధైర్యం నాది. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న ఆలోచన రాలేదు.

చెప్పడం అయ్యాక చూశాను. పదిహేను మంది మనుషులు, పదిహేను మందీ తలలు వంచి బట్ట వైపు చూస్తున్నారు. అంత శ్రద్ధగా బట్టను ఆ షెడ్డులో ఎప్పుడూ ఎవరూ చూడలేదు. అవతలి చివర లింగన్న తెగిన పోగు ముడి వేస్తున్నాడు. ఒక్క ముడికి మామూలుగా రెండు క్షణాలు పడుతుంది ఆయనకు. అది వేస్తూనే ఉన్నాడు.

చాయ వేళకు అందరికంటే పెద్దాయన గట్టయ్య నా పక్కన కూర్చుని, సాసర్లో ఊదుకుంటూ, ‘బరోడాల రూము దొరికిందా బిడ్డా?’ అన్నాడు. ఇంటికి పోయేసరికి అమ్మకు తెలుసు. నాయిన సర్వపిండి తుంచి సాసర్ పక్కన పెట్టుకున్నాడు. అక్కడ చాయ ఎట్లుంటదో కనుక్కున్నావా అని అడిగాడు. ఆ షెడ్డులో అభిప్రాయం లేని మనిషి లింగన్న ఒక్కడే. నాలుగు రోజులు నా వైపు చూడలేదు. నేను ఎదురుపడి పెదాలు కదిపితే ఆయన కళ్లు తిప్పుకునేవాడు. మాట్లాడకుండా ఉండటం చెవిటివాడికి అంత తేలిక. కళ్లు తిప్పుకుంటే చాలు, నేను లేను. వినపడేవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

ఐదో రోజు కెఫేలో ప్రోగ్రాము. మాకొక పెద్ద స్పీకరు డబ్బా ఉండేది, నా బాస్ గిటారుది. మొదటి ప్రోగ్రాము తర్వాత లింబాయత్‌లో పెళ్లి డీజేలకు డబ్బాలు కొట్టే వడ్రంగి చేత చేయించింది. నడుమెత్తు ప్లైవుడ్డు, నల్ల రంగు, మీద తెల్లక్షరాల్లో బారా మషీన్. అది ఎప్పుడూ స్టేజీ అంచున ఉండేది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి లింగన్న దాన్ని ఒక్కడే ఈడ్చుకుంటూ డ్రమ్ముల పక్కకు తెచ్చి, వెల్లకిలా పడేస్తున్నాడు. కూర్చున్నాడు. ఎడమకాలి చెప్పు విడిచాడు. వట్టి పాదం డబ్బా మీద పెట్టాడు. నేను అలవాటు ప్రకారం ఆయన ఎదురుగా పోయి నిలబడ్డాను. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆయన పెదాలు కదిలాయి.

‘అటు తిరుగు.’

‘ఎటు?’

‘జనం దిక్కు.’

నేను తిరగలేదు. బాస్ మొదలుపెట్టాను. నా మొదటి స్వరం డబ్బాలోంచి ఆయన పాదంలోకి పోయింది, పుల్లలు దిగాయి. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. నా నోటితో పని లేదు. వెంట్రుకంత తేడా లేని తాళం. మూడేళ్లు నేను గోడకు చూపించిన ముఖాన్ని నెమ్మదిగా జనం వైపు తిప్పాను. ఇక్కడ పిల్లనగ్రోవులు మోగాలి. మొత్తం ఇరవై రెండు మంది ఉన్నారు, అందులో పద్నాలుగు మంది ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకావిడ పిల్లాడికి శాండ్‌విచ్‌లోంచి ఉల్లిపాయలు ఏరేస్తోంది. ఇదా నేను చూడలేకపోయానని ఏడ్చింది, అనుకున్నాను. వెంటనే తాళం తప్పాను. లింగన్న కాదు, నేను. రెండో వరుసకే తప్పాను, మళ్లీ అందుకున్నాను, మళ్లీ తప్పాను. మూడేళ్లు నేను ఆయనకు తాళం చెప్తున్నాననుకున్నాను. ఆయన దవడ కదలిక చూసుకుంటూ చెప్పేవాణ్ణని అప్పుడు తెలిసింది. ఎవరు ఎవరికి చెప్పామో ఇప్పటికీ తేల్చుకోలేదు. మూడో పాటకు మళ్లీ ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. కెఫే యజమాని హమ్మయ్య అనుకున్నాడు, ఆయన పిలిపించింది వీపును.

అయిపోయాక వెనక మెట్ల మీద కూర్చున్నాం. నా ముఖం మీద వీధి దీపం పడేలా ఆయనే నన్ను జరిపి కూర్చోబెట్టాడు, మాట కనపడాలి కదా. డబ్బా సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. రెండో ప్రోగ్రాము నుంచట. పక్కకు జరుగుతుంటే కాలు తగిలిందట.

‘మరి చెప్పలేదేందన్నా?’

‘చెప్తే నువ్వు అటు తిరుగుతవు. అటు తిరిగినోడు మల్ల ఇటు తిరుగుతడా?’ కాసేపు పుల్లల్ని అరచేతుల మధ్య దొర్లించాడు. ‘కార్ఖానాల పన్నెండు మషీన్లు నా దిక్కు చూస్తయి తమ్మీ. మనిషివి నువ్వొక్కనివే. జర ఆశవడ్డ, లాలచ్ అయింది.’

నాకు కోపం రావాలి. నా మూడేళ్లు ఈయన దాచుకున్నాడు. లేదా కళ్లు చెమర్చాలి, ఆ అవకాశమూ ఉంది. రెండింట్లో ఏది ముందు వస్తుందో చూద్దామని ఎదురుచూస్తుంటే కెఫే కుర్చీలు కడిగిన నీళ్లు మెట్ల మీదుగా వచ్చి మా ఇద్దరి ప్యాంట్లూ తడిపాయి. లేచి నిలబడ్డాం. బరోడాకు పొమ్మన్నాడు. పొమ్మనేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాట వినపడింది కానీ కనపడలేదు, చెయ్యి కనపడింది, సరిపోయింది.

పోయాను. బరోడాలో ఆరు వారాలున్నాను. స్టూడియో నిజంగానే ఉంది, గోడలకు స్పాంజీ, చీమ దగ్గినా వినపడేంత నిశ్శబ్దం. డ్రమ్మరుకు రెండు చెవులూ ఉన్నాయి, రెండింట్లో యంత్రం పెట్టుకుని దాని టిక్కు టిక్కు వింటూ కొట్టేవాడు, ముఖం మాత్రం గోడలా ఉండేది. నాకు తాళం దొరికేది కాదు. వాడి దవడ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ డ్రమ్మరు రెండు వారాలు ఓర్చుకుని, వీడు నన్నెందుకు అలా చూస్తాడని జిగ్నేశ్‌ను అడిగాడు. ఆరో వారం బ్యాండు పేజీలో కొత్త ఫోటో వచ్చింది, నలుగురూ జనం వైపు తిరిగి నవ్వుతున్నారు, నలుగురిలో నేను లేను. అలా జీవితంలో మొదటిసారి లైనప్ మార్పులో నా పేరూ పడింది. ఇరుక్కుపోయినవాడు ఆయనే అనుకున్నాను మూడేళ్లు. తాళం వేసి ఉన్నది నాకట, తాళంచెవి కూడా లోపలి వైపే ఉందట.

ఇప్పుడు నేను సూరత్ పక్కన పల్సానాలో, బట్టకు రంగులు వేసే ఒక డైయింగ్ మిల్లులో డిస్పాచ్ చూస్తున్నాను. లింగన్న ఆ దగ్గర్లోనే కొత్త యూనిట్లో, నీటి ధారతో పేక నడిపే మగ్గాల మీద. మోత ఉంది, కానీ అందరికీ చెవుల్లో పెట్టుకునే రబ్బరు ముక్కలిస్తారు. కొత్త కుర్రాళ్లు పెదాలు చదవరు. పది అడుగుల దూరంలో ఉన్నవాడికి ఫోన్లో టైపు చేసి పంపుతారు. ఇప్పుడు కార్ఖానాల్లో రహస్యాలు బతుకుతున్నాయి, చెవులూ బతుకుతున్నాయి. అది మంచిదే, మా నాయినకు ఆ రబ్బరు ముక్క ఉంటే బాగుండేదని నేను అనుకోని రోజు లేదు. కానీ గట్టయ్యలా ఎవరూ వచ్చి రూము దొరికిందా అని అడగరు, ఎవడు ఎప్పుడు పోయాడో ఎవడికీ తెలీదు. ఉధ్నా షెడ్డులో పాత మగ్గాలు తుక్కుకు పోయాయి. లింగన్న నవరాత్రుల్లో తొమ్మిది రోజులు గర్బా ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు కొడతాడు, స్పీకరు మీద ఎడమకాలు పెట్టుకుని. ఆ కాలు చూడటానికి కూడా జనం వస్తారట. మా ఇద్దరిలో నిలబడింది ఆయన కాలే.

ఆదివారం ఆయన చెప్పు జారిపోయిందన్నాను కదా. ఆ కాలు వెతికింది దొరికింది. మా వాషింగ్ మెషీన్ ఆయన కూర్చున్న చోటికి పక్కనే, ఆ నల్ల డబ్బా మీద ఉంది. బరోడా నుంచి వచ్చాక నేను డబ్బాను ఎవరికైనా ఇచ్చేద్దామంటే, అమ్మ దాని ఎత్తు చూసి, మురికి నీళ్ల పైపుకు సరిగ్గా సరిపోతుందని స్టాండు చేసింది. తెల్లక్షరాల్లో బారా అనేది ఇంకా కనపడుతుంది, మషీన్ అనేది గోడ వైపుంది. అమ్మ చాయ ఇచ్చి, గృహప్రవేశానికి ఏం కట్టుకోవాలా అని ఆలోచిస్తూ, ఉతికినవన్నీ ఒకేసారి వేసి పిండే బటను నొక్కింది. మెషీన్ పిండటం మొదలుపెట్టింది. డబ్బా అదిరింది. లింగన్న పాదం దాని పక్కకు ఆనుకుంది, ఆయన కళ్లు మూతపడ్డాయి, రెండు వేళ్లు మోకాలి మీద మొదలయ్యాయి. టక టక, టక టక. నేను కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాను. పెదాలు వాటంతట అవే కదిలాయి. ఆయన కళ్లు తెరిచి నా నోటి వైపు చూశాడు. అవసరం లేదు ఇద్దరికీ. అయినా చూస్తూనే ఉన్నాడు, నేనూ చెప్తూనే ఉన్నాను, ఒక పాటలో సగం దాకా పోయాం.

మెషీన్ రెండుసార్లు ఊగి, కూత పెట్టి, ఆగిపోయింది. ఆరు కిలోల మెషీన్లో రెండు దుప్పట్లు ఒకేసారి వెయ్యకూడదు.